మేక

దౌగవ నది ఒడ్డున చెర్రీ పూత రాలుతున్న వారం.
బెండు మునగలేదు. పక్కకు నడిచింది,
ఎవరో పిలిస్తే వెళ్లినట్టు.
లాగితే బరువేమీ రాలేదు,
ఒక మెరుపు వచ్చింది.

జానెడున్నర పొడవు.
వీపు రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నన,
పొట్ట మాత్రం కొడవలి.
నోరు పైకి తెరుచుకుని ఉంది,
మేడమీది వాళ్లతో మాట్లాడుతున్నట్టు.

ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను,
అన్నేళ్ల ఆదివారాలూ ఈ రేవులోనే.
తోక కొట్టిన చప్పుడు వింటే చాలు
ఏ చేపో చెప్పేస్తానని నాకో గీర.
ఇవాళ దాన్ని తడి చేతిలో పట్టుకుని
నేనూ నోరు తెరిచాను.
ఇద్దరం అలాగే కాసేపు.

బకెట్లో వేశాక జనం చేరారు.
జిగుర్ద్స్ కళ్లద్దాలు నుదుటికెక్కించి
"హెర్రింగే. సముద్రం నుంచి దారి తప్పింది" అన్నాడు.
తన గొడుగు పోయినా
నెపం సముద్రం మీదే వేసే మనిషి.
పడవల తాళాలు చూసే గున్వాల్దిస్ గొంతు తగ్గించి
"రెండు జాతులకు పుట్టిందేమో" అన్నాడు,
బకెట్లోది వింటే బాధపడుతుందని.

గున్వాల్దిస్ కూతురికి తొమ్మిదేళ్లు. పేరు స్నియెద్జె,
చలికాలంలో వచ్చే తెల్ల పిట్ట పేరు.
ఆ పిల్ల ఎవరి మాటా చెవిన వేసుకోలేదు,
బురదలో మోకాళ్లు ఆనించి చూసింది.
"వీపు మీది వాజం తోక దగ్గరికి జరిగిపోయింది.
రొమ్ము వాజాలు తెడ్లంత ఉన్నాయి.
మీసాల్లేవు.
ఇదిగో, ఈ గీత చూడండి!"

చేప పక్కన ఉండే గీత, నీటి కదలిక వినే గీత,
మిగతా వాటికి బుద్ధిగా సాగిపోయే గీత
దీనికి కిందికి దిగి, పొట్ట అంచుదాకా పోయి,
మళ్లీ లేచి, మళ్లీ దిగి,
వాగులా తిరుగుతూ తిరుగుతూ తోక చేరింది.
ఇంత తీరైన ఒంటికి వంక పెట్టాలంటే
ఆ ఒక్క వంకే దొరుకుతుంది.
పేరు కూడా అక్కడే ఎక్కడో ఉండాలి.

గీత మీది పొలుసులు లెక్కపెడదామన్నాను,
పాత అలవాటు.
స్నియెద్జె రెల్లు పుల్ల కొనతో మొదలుపెట్టింది.
అరవై మూడు దగ్గర చేప కదిలింది.
మళ్లీ ఒకటి నుంచి. నలభై ఒకటి దగ్గర
నాకు తుమ్ము వచ్చింది.
మూడోసారికి పొలుసులు నీళ్లలో తేలుతున్నాయి.
మేం లెక్కపెడుతున్నదే ఊడిపోతోంది.

అప్పుడొచ్చింది వెనెరాండా,
చేపలకు పొగపెట్టే కొట్టు నుంచి,
మసి చేతులు గౌనుకి తుడుచుకుంటూ.
వంగనైనా వంగలేదు. నిలబడే చూసి
"కజె" అంది. "మా నాన్న వలలో పడేవి. ముళ్లెక్కువ."

కజె అంటే మా భాషలో మేక.

కొమ్ముల్లేవు, గడ్డం లేదు, గడ్డి ముట్టదు.
"మేకెందుకైంది?" అని పిల్ల అడిగితే
"నువ్వు పిట్టవెందుకయ్యావ్?" అని
పొయ్యి ఆరిపోతుందని గబగబా వెళ్లిపోయింది.
జిగుర్ద్స్ మాత్రం ఒప్పుకోలేదు.
హెర్రింగే, అన్నాడు నదితో.

పేరు తెలిసింది కదా, ఇక సంచిలో వేసుకోవచ్చు.
తెలియకపోయినా వేసుకోవచ్చు, ఆ మాటకొస్తే.
కానీ మధ్యాహ్నమంతా దాని ఒంటి మీద
వేలు పెట్టి చదివాక
కత్తి ఎక్కడ పెట్టానో గుర్తురాలేదు.

నా ఇంటిపేరు విల్క్స్, అంటే తోడేలు.
మేకను నీళ్లలోకి వంచి
తోడేలు ఒడ్డున నిలబడింది.
పిట్ట అరిచింది: "వంకరగానే పోతోంది చూడండి!"
తిన్నగానే పోయింది నిజానికి,
నేను చెప్పలేదు.

రాత్రి చొక్కా విప్పుతుంటే
మణికట్టు మీద అంటుకుని ఒక పొలుసు.
అరవై నాలుగు, అన్నాను
పైకే.